రోనాల్డ్ రాస్: సికింద్రాబాద్‌లో కనిపించిన నల్ల చుక్క.. 119 ఏళ్లకు చివరి అక్షరం దాకా చదివారు!

వానలు మొదలయ్యాయంటే చాలు.. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లోని క్లినిక్‌లు జ్వరం కేసులతో నిండిపోతాయి. చలి, వణుకు, ఒళ్లు నొప్పులు అని చెబితే డాక్టర్ ముందుగా రాసేది రక్త పరీక్షే. వేలి కొస నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చిన్న స్ట్రిప్ మీద వేస్తారు. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగితే చాలు. గీత పడితే మలేరియా ఉన్నట్టు. పడకపోతే లేనట్టు.

అయితే ఇక్కడే ఓ చిక్కు ఉంది. కొన్నిసార్లు ఒంట్లో ప్రాణాంతకమైన మలేరియా ఉన్నా గీత పడదు. స్ట్రిప్‌లో లోపం లేదు, రక్తం తీసిన వాళ్ల తప్పూ కాదు. మలేరియా క్రిమి తన జన్యువుల్లోంచి ఓ ముక్కను వదిలేసుకుంది.. అంతే. ఆ ముక్క ఎక్కడ ఉండేదో, ఎలా పోయిందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు వందేళ్లకు పైనే పట్టింది.

ఈ కథ మొదలైంది ఎక్కడో కాదు. చార్మినార్‌కు పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలో.. బేగంపేటలోని ఓ చిన్న మిలటరీ ఆస్పత్రిలో. 1897 ఆగస్టు 20న, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో. మైక్రోస్కోప్ ముందు కూర్చున్న ఆ డాక్టర్ పేరు రోనాల్డ్ రాస్.

అల్మోరాలో పుట్టుక.. డాక్టర్ చదువు ఇష్టం లేదు

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో పుట్టారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే. తండ్రి కాంప్‌బెల్ రాస్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. పది మంది పిల్లల్లో రోనాల్డే పెద్దవాడు. ఎనిమిదో ఏట చదువు కోసం ఇంగ్లండ్ పంపేశారు.

కుర్రాడికి కవిత్వం, బొమ్మలు, సంగీతం, లెక్కలు అంటే ప్రాణం. రచయిత కావాలన్నది కోరిక. తండ్రి మాత్రం ఒప్పుకోలేదు. కొడుకు డాక్టరై ఇండియాలో సర్కారీ కొలువు చేయాల్సిందేనని పట్టుబట్టారు. అలా 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రిలో చేరారు రాస్. చదువు మీద మనసు నిలవలేదు. ఓ పరీక్ష తప్పారు కూడా. కొన్నాళ్లు ఓడలో డాక్టర్‌గా పనిచేసి, మళ్లీ పరీక్ష రాసి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరారు. పోస్టింగ్ మద్రాస్ ప్రెసిడెన్సీలో పడింది.

డ్యూటీ అయిపోయాక చేతిలో బోలెడంత ఖాళీ. నవలలు రాశారు, కవితలు రాశారు, గణితం చదివారు. మలేరియా గురించి మాత్రం అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు.

బెంగళూరులో నీళ్ల తొట్టి

1883లో బెంగళూరులో ఉన్నప్పుడు ఓ చిన్న సంఘటన జరిగింది. రాస్ ఉన్న బంగ్లాలో దోమలు విపరీతం. చూస్తే కిటికీ బయట ఓ నీళ్ల తొట్టి.. దాని నిండా తోక పురుగులు. తొట్టి బోర్లించేశారు. దోమలు తగ్గిపోయాయి. నీళ్లు నిలవకుండా చూస్తే దోమలు పుట్టవన్న మాట రాస్‌కు అక్కడే బుర్రకెక్కింది.

అప్పటికి దోమకు, మలేరియాకు సంబంధం ఉందని ఎవరూ రుజువు చేయలేదు. చెడు గాలి వల్లే ఈ జ్వరం వస్తుందని జనం నమ్మేవారు. మలేరియా అన్న మాటకు ఇటాలియన్‌లో అర్థమే చెడు గాలి. 1880లో అల్జీరియాలో ఫ్రెంచ్ సైనిక డాక్టర్ లావెరాన్ రోగి రక్తంలో కదులుతున్న క్రిమిని చూశారు. అది మనిషి ఒంట్లోకి ఎలా వస్తుందన్నది మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు రాస్ జీవితం మలుపు తిరిగింది. పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టర్ ఆయనకు మైక్రోస్కోప్‌లో మలేరియా క్రిమిని చూపించారు. రక్తం పీల్చే దోమే దీన్ని మోస్తుందేమోనన్న తన అనుమానాన్నీ చెప్పారు. ఏనుగుకాలు జబ్బు క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందని అంతకుముందు చైనాలో కనిపెట్టింది ఈ మాన్సనే. 37 ఏళ్ల రాస్‌కు ఆ రోజు నుంచి మరో ధ్యాస లేదు.

సికింద్రాబాద్.. ఒక్కో దోమకు ఒక్కో అణా

1895లో రాస్ తిరిగొచ్చారు. పోస్టింగ్ సికింద్రాబాద్‌లోని 19వ మద్రాస్ పదాతి దళంలో. అప్పుడు హైదరాబాద్‌ను ఏలుతున్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. మూసీకి ఇవతల చార్మినార్ చుట్టూ నిజాం నగరం.. హుస్సేన్ సాగర్‌కు అవతల బ్రిటిష్ కంటోన్మెంట్. జ్వరం మాత్రం రెండు చోట్లా ఒకటే.

రాస్ దగ్గర ల్యాబ్ లేదు, ప్రభుత్వం ఇచ్చిన పైసా లేదు. సొంత మైక్రోస్కోప్, సొంత జీతం. మలేరియా రోగులను దోమతెర లోపల పడుకోబెట్టి, దోమల్ని వదిలి, అవి కుట్టాక పట్టుకునేవారు. కుట్టించుకున్నందుకు ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చేవారు. అబ్దుల్ ఖాదిర్ అనే రోగి అలా మొదట ఒప్పుకున్న వాళ్లలో ఒకరు. మనిషి మీద ఇలాంటి ప్రయోగం ఇప్పుడైతే ఏ ఎథిక్స్ కమిటీ కూడా ఒప్పుకోదు. అప్పట్లో అడిగే నాథుడే లేడు.

చచ్చిన దోమలు పడిన నీళ్లు తాగితే మలేరియా వస్తుందేమోనని కూడా పరీక్షించారు. ఆ దారి మూసుకుపోయింది. రెండేళ్ల పాటు దోమల్ని కోస్తూనే ఉన్నారు. ఏమీ దొరకలేదు. మధ్యలో కలరా పని మీద బెంగళూరు పంపారు. 1897లో ఊటీ దగ్గరి సీగూరు లోయకు వెళ్తే ఆయనకే మలేరియా వచ్చింది.

దొరక్కపోవడానికి కారణం తర్వాత తెలిసింది. రాస్ కోస్తున్న దోమలు వేరే జాతులవి. వాటిలో మనిషి మలేరియా క్రిమి బతకదు. తప్పు తలుపు దగ్గర రెండేళ్లు తట్టారన్నమాట.

1897 ఆగస్టు 20.. ఆ మధ్యాహ్నం ఏం జరిగింది?

ఆగస్టు మధ్యలో ఓ సహాయకుడు కొత్త రకం లార్వాలు తెచ్చాడు. వాటి నుంచి గోధుమ రంగు దోమలు పుట్టాయి. రెక్కల మీద మచ్చలు. అప్పటిదాకా రాస్ వాడినవి ఇలా లేవు. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వీటితో కుట్టించారు. ఇచ్చింది అదే రేటు.. దోమకు అణా.

రోజుకు కొన్ని చొప్పున దోమల్ని కోస్తూ వచ్చారు. ఉక్కపోత. ఫంఖా వేస్తే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి కాబట్టి అది కూడా బంద్. నుదుటి చెమట కారి మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పు పట్టాయి. కళ్లు మసకబారాయి. 20వ తేదీ నాటికి మిగిలినవి కొద్ది దోమలే.

మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో దోమ కడుపు గోడను వరసగా చూసుకుంటూ వస్తుంటే ఓ గుండ్రటి కణం కనబడింది. అడ్డకొలత సుమారు 12 మైక్రాన్లు.. అంటే మిల్లీమీటర్‌లో నూరో వంతు కంటే కాస్త ఎక్కువ. దోమ కడుపులో అలాంటిది ఉండకూడదు. దాని లోపల నల్లటి చుక్కలు. మలేరియా క్రిమి ఎర్ర రక్తకణాన్ని తిని మిగిల్చే నల్ల రంగు సరిగ్గా అదే.

మర్నాడు ఇంకో దోమను కోశారు. అందులో అవే కణాలు.. ముందు రోజు కంటే పెద్దగా ఉన్నాయి. అంటే దోమ కడుపులో క్రిమి పెరుగుతోంది! మలేరియా రహస్యంలో సగం తేలిపోయింది. ఆ ఏడాది డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాస్ వ్యాసం వచ్చింది.

ప్రపంచవ్యాప్తంగా ఆగస్టు 20ని దోమల దినంగా జరుపుకుంటున్నది ఇందుకే.

సగం పనిలో బదిలీ

మిగతా సగం ఏంటి? కడుపులో పెరిగిన క్రిమి మళ్లీ మనిషిలోకి ఎలా వెళ్తుంది? ఆ ముడి విప్పడానికి రాస్‌కు కావాల్సింది అవే మచ్చల రెక్కల దోమలు, ఇంకొందరు రోగులు, ఇంకొన్ని వారాలు.

దొరికింది మాత్రం బదిలీ ఆర్డర్. సెప్టెంబర్‌లోనే మూటాముల్లె సర్దుకుని రాజపుతానాలోని ఖేర్వాడా అనే మారుమూల పోస్టుకు వెళ్లాల్సి వచ్చింది. అక్కడ మలేరియా కేసులే పెద్దగా లేవు. మాన్సన్ లండన్ నుంచి ఒత్తిడి తెచ్చాక 1898 మొదట్లో కలకత్తాలో పరిశోధనకు పంపారు. అక్కడ మనుషుల మీద ప్రయోగం కుదరలేదు. దాంతో పక్షుల మలేరియా పట్టుకున్నారు. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు రాత్రింబవళ్లు తోడున్నాడు.

1898 జులైలో రెండో సగం దొరికింది. క్రిమి దోమ కడుపు నుంచి లాలాజల గ్రంథుల్లోకి చేరుతోంది. దోమ కుట్టినప్పుడు ఉమ్మితో పాటు ఒంట్లోకి దిగుతోంది. ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను ఆ దోమలతో కుట్టిస్తే వాటికీ జబ్బు వచ్చింది. చక్రం పూర్తయింది.. కానీ పక్షుల్లో!

మనిషి మలేరియా చక్రాన్ని అదే ఏడాది చివర్లో ఇటలీలో గ్రాసీ, బిన్యామి, బస్టియానెల్లి బృందం పూర్తిగా చూపించింది. అనాఫిలిస్ జాతి దోమే మోస్తుందని తేల్చింది కూడా వాళ్లే. సికింద్రాబాద్‌లో ఇంకొన్నాళ్లు ఉండనిస్తే ఆ పనీ తనే చేసేవాడినన్న బాధ రాస్‌ను చివరి దాకా వదల్లేదు. ఎవరు ముందు కనిపెట్టారన్న గొడవలో గ్రాసీతో ఏళ్ల తరబడి పోట్లాడారు. పత్రికల్లో, పుస్తకాల్లో, ఉత్తరాల్లో.. ఎక్కడా తగ్గలేదు. గురువు మాన్సన్‌తోనూ చివరికి చెడింది.

నోబెల్ వచ్చింది.. లెక్కలు మిగిలాయి

1899లో రాస్ ఇండియా వదిలి లివర్‌పూల్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్‌లో చేరారు. 1902లో వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. నోబెల్ అందుకున్న తొలి బ్రిటిష్ పౌరుడు ఆయనే. 1911లో సర్ బిరుదు దక్కింది.

జనం ఎక్కువగా గుర్తుపెట్టుకోని పని ఇంకోటి ఉంది. సూయజ్ కాలువ పక్కన ఇస్మాయిలియా పట్టణంలో నిలవ నీళ్లు లేకుండా చేసి మలేరియాను దాదాపు తుడిచిపెట్టే ప్రణాళికకు ఆయన సలహా ఇచ్చారు. తర్వాత మారిషస్ వెళ్లి, జ్వరాలను గణిత సమీకరణాల్లో పెట్టారు. దోమల్ని పూర్తిగా చంపక్కర్లేదు.. ఓ హద్దు కంటే కిందికి తగ్గిస్తే చాలు, మలేరియా దానంతట అదే ఆగిపోతుందని లెక్క కట్టి చూపించారు. చిన్నప్పటి నుంచి ఇష్టపడ్డ గణితమే ఇక్కడ పనికొచ్చింది. కరోనా టైంలో టీవీల్లో రోజూ వినిపించిన ఆర్ నంబర్ లెక్కలకు మూలాల్లో రాస్ సమీకరణాలూ ఉన్నాయి.

సొంత జీవితం మాత్రం అంత సాఫీగా సాగలేదు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లోనే పెద్ద కొడుకు కాంప్‌బెల్ లె కాటో పోరులో చనిపోయాడు. డబ్బు ఇబ్బందులతో 1928లో తన ఉత్తరాలు, కాగితాలన్నీ అమ్మకానికి పెట్టారు. లేడీ హ్యూస్టన్ అనే సంపన్నురాలు 2,000 పౌండ్లకు కొన్నారు. 1931లో భార్య రోసా కన్నుమూశారు. ఏడాది తిరిగేసరికి, 1932 సెప్టెంబర్ 16న లండన్‌లో రాస్ కూడా వెళ్లిపోయారు. వయసు 75.

హైదరాబాద్ ఆయన్ను మర్చిపోలేదు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఆయన పేరే ఉంది. పాతబస్తీ పెద్దవాళ్లు దాన్ని ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న ఇంగ్లిష్ మాటే జనం నోట్లో కోరంటి అయింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం కూడా ఆయన పేరుతోనే నిలిచింది.

రాస్ చూడలేనిది ఏంటి?

రాస్ ఆ కణాన్ని చూశారు. లోపల ఏముందో చదవలేకపోయారు. డీఎన్‌ఏ ఆకారం తెలిసిందే 1953లో.. ఆయన పోయిన 21 ఏళ్లకు.

మలేరియాల్లో అన్నింటికంటే ప్రమాదకరమైన క్రిమి ప్లాస్మోడియం ఫాల్సిపారమ్. దాని జన్యు పుస్తకంలో సుమారు 2.3 కోట్ల అక్షరాలు ఉంటాయి. అవి 14 క్రోమోజోమ్‌లుగా సర్ది ఉంటాయి. జన్యువులు 5 వేలకు పైగా. ఆ పుస్తకాన్ని తొలిసారి 2002 అక్టోబర్‌లో ప్రచురించారు. ఆఫ్రికాలో మలేరియా మోసే అనాఫిలిస్ గాంబియే దోమ జన్యుక్రమం కూడా అదే నెలలో వచ్చింది.

అయితే 2002 నాటి పుస్తకంలో అక్కడక్కడా ఖాళీలు మిగిలాయి. కారణం ఈ క్రిమి రాతే. డీఎన్‌ఏలో ఉండేవి ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలు. ఈ క్రిమిలో 80 శాతానికి పైగా ఏ, టీలే! పేజీల కొద్దీ ఒకే రకం అక్షరాలు. పైగా క్రోమోజోమ్‌ల కొసల్లో ఒకదాన్ని పోలిన ఒకటి జన్యువులు గుంపులుగా ఉంటాయి.

నాలుగు మినార్ల చిక్కు

ఇది అర్థం కావాలంటే చార్మినార్‌నే చూడండి. 1591లో కట్టిన ఈ కట్టడానికి నాలుగు మినార్లు. ఒక్కోటి సుమారు 56 మీటర్లు. నాలుగూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఎవరో వెయ్యి ఫొటోలు ఇచ్చి, చార్మినార్‌ను మళ్లీ పేర్చమన్నారనుకుందాం. ప్రతి ఫొటోలోనూ మినార్‌లో జానెడు ముక్కే ఉంది. ఆ ముక్క ఏ మినార్‌దో ఎలా చెప్పగలరు? చెప్పలేరు. నాలుగు మినార్ల ముక్కలూ కలిసిపోయి ఒకే మినార్ ఉన్నట్టు లెక్క తేలే ప్రమాదం కూడా ఉంది.

అదే ఫొటో పెద్దదై, అందులో మినార్‌తో పాటు ఓ పక్క మక్కా మసీదు కూడా పడిందనుకోండి.. అది ఏ వైపుదో వెంటనే తెలిసిపోతుంది. ఇంకో ఫొటోలో గుల్జార్ హౌజ్ వైపు కమాన్లు పడితే అది ఉత్తరం దిక్కుదని తేలుతుంది.

జన్యుక్రమం చదవడంలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. డీఎన్‌ఏను ఒకే దెబ్బలో చివరి దాకా చదివే మిషన్ లేదు. ముక్కలు చేసి చదివి, ఒకదాని కొస ఇంకోదాని మొదలుతో ఎక్కడ కలుస్తుందో చూసి కంప్యూటర్‌లో అతికిస్తారు. మామూలు షార్ట్ రీడ్ మిషన్లు ఒక్కో ముక్కలో వంద, నూటయాభై అక్షరాలే చదువుతాయి. అంటే జానెడు ఫొటోలు. ఒకేలా ఉన్న చోట్ల అతుకు కుదరక ఖాళీ వదిలేయాల్సిందే.

లాంగ్ రీడ్ సీక్వెన్సింగ్ వచ్చాక ఈ బాధ తీరింది. ఇందులో ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి పాక్‌బయో.. ఒక్క డీఎన్‌ఏ పోగును ఎంజైమ్ కాపీ చేస్తుంటే, చేరే ప్రతి అక్షరానికీ మెరిసే వెలుగును కెమెరా పట్టుకుంటుంది. రెండోది నానోపోర్.. అతి సన్నటి రంధ్రంలోంచి డీఎన్‌ఏ పోగు జారుతుంటే, అందులో పారే కరెంట్ అక్షరాన్ని బట్టి మారుతుంది. ఈ మిషన్లు ఒకేసారి వేల అక్షరాలు, నానోపోర్ అయితే లక్షకు పైగా కూడా చదవగలవు. మొదట్లో తప్పులు ఎక్కువ వచ్చేవి. తర్వాత ఒకే ముక్కను మళ్లీ మళ్లీ చదివి తప్పుల్ని దిద్దే పద్ధతులు వచ్చాయి.

2016లో ఫాల్సిపారమ్ వంతు వచ్చింది. సగటున 11 వేల అక్షరాలకు పైగా ఉన్న పొడవాటి ముక్కలతో 14 క్రోమోజోమ్‌లనూ ఈ కొస నుంచి ఆ కొస దాకా అతికించారు. పాత మ్యాప్ సాయం తీసుకోలేదు. రాస్ బేగంపేటలో నల్ల చుక్క చూసిన 119 ఏళ్లకు ఆ క్రిమి పుస్తకం చివరి పేజీ దాకా తెరుచుకుంది. మనిషి జీనోమ్ విషయంలోనూ ఇదే జరిగింది. 2003లో పూర్తయిందని ప్రకటించినా సుమారు 8 శాతం మిగిలిపోయింది. లాంగ్ రీడ్స్ వచ్చాక 2022లో ఆ ఖాళీలు నిండాయి. మగవాళ్ల వై క్రోమోజోమ్ 2023లో పూర్తయింది.

గీత ఎందుకు పడదు? జవాబు కొసల్లోనే

కొసల్లోని నాలుగు పేజీల కోసం ఇంత కష్టం ఎందుకన్న అనుమానం రావచ్చు. ఫాల్సిపారమ్ అసలు టక్కులన్నీ ఆ కొసల్లోనే ఉన్నాయి.

ఈ క్రిమి దగ్గర వర్ జన్యువులు సుమారు 60 ఉంటాయి. చాలావరకు క్రోమోజోమ్‌ల కొసల దగ్గరే ఉంటాయి. ఒక్కోసారి ఒక్కోటి వాడుతూ వేషం మారుస్తుంది. ఒంట్లోని రోగనిరోధక శక్తి ఓ వేషాన్ని గుర్తుపట్టేసరికి క్రిమి ఇంకో వేషం కట్టేస్తుంది. మలేరియాకు గట్టి టీకా తేవడం ఇంత కష్టం కావడానికి ఇదీ ఓ కారణం.

స్ట్రిప్ సంగతీ అక్కడే ఉంది. జ్వరం వచ్చిన వాళ్లకు వేసే స్ట్రిప్పుల్లో చాలావరకు పట్టుకునేది హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రొటీన్‌ను. దాని జన్యువు 8వ క్రోమోజోమ్ కొస దగ్గర ఉంటుంది. దాని తోబుట్టువు లాంటి హెచ్‌ఆర్‌పీ3 జన్యువు 13వ క్రోమోజోమ్ కొస దగ్గర ఉంటుంది. ఈ రెండూ పోతే క్రిమి బాగానే బతుకుతుంది.. కానీ స్ట్రిప్‌కు కనపడదు. గీత పడదు. రోగిని మలేరియా లేదని ఇంటికి పంపేస్తారు. ఫాల్సిపారమ్‌కు మందు ఆలస్యమైతే మెదడుకు ఎక్కి ప్రాణం పోవచ్చు.

ఇలాంటి క్రిములు తొలిసారి పెరూలో బయటపడ్డాయి. 2010లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి. ఆఫ్రికాలోని ఎరిట్రియాలో సమస్య ముదిరి 2016లో ఆ దేశం స్ట్రిప్పుల రకాన్నే మార్చేసింది. భారత్‌లో కూడా కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటి క్రిములు తక్కువ సంఖ్యలో దొరికాయి. ఈ కారణంగా 5 శాతానికి మించి కేసులు తప్పిపోతుంటే వేరే రకం పరీక్షకు మారాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆ ముక్క ఎలా పోతోందన్నది షార్ట్ రీడ్స్‌తో తేలలేదు. లాంగ్ రీడ్స్ చూపించాయి. 13వ క్రోమోజోమ్ కొస తెగిపోయిన చోట 11వ క్రోమోజోమ్ కొస కాపీ ఒకటి వచ్చి అతుక్కుంటోంది. రెండు చోట్లా రాత ఒకేలా ఉండటమే దీనికి కారణం. ఓ మినార్ పైభాగం తీసేసి ఇంకో మినార్ పైభాగం పెట్టినట్టు! జానెడు ఫొటోల్లో ఈ తేడా కనిపించదు.

ఆ మచ్చల రెక్కల దోమ ఇప్పుడు ఎక్కడ?

రాస్‌కు ఆ రోజు దొరికిన దోమ అనాఫిలిస్ స్టెఫెన్సీ అయి ఉంటుందన్నది ఎక్కువ మంది నిపుణుల అంచనా. ఈ జాతికి ఆ పేరు పెట్టింది 1901లో.. కాబట్టి రాస్‌కు దాని పేరు తెలిసే అవకాశమే లేదు.

మిగతా మలేరియా దోమలు ఊళ్లు, పొలాలు, చెరువుల దగ్గర ఎక్కువ. స్టెఫెన్సీ మాత్రం పక్కా సిటీ దోమ. మురుగు నీళ్లతో దానికి పనిలేదు, మంచి నీళ్లే కావాలి. ఓవర్‌హెడ్ ట్యాంకులు, సంపులు, డ్రమ్ములు, బావులు.. మూత సరిగ్గా లేకపోతే చాలు. నీళ్లు నిల్వ చేసుకోక తప్పని పాతబస్తీ లాంటి ఇరుకు బస్తీలకు ఇది ఎంత దగ్గరి చుట్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడది ఖండాలు దాటింది. 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో కనిపించింది. 2016లో ఇథియోపియాలో, తర్వాత సూడాన్, నైజీరియా, కెన్యాల్లో తేలింది. మలేరియాను పల్లెల జబ్బుగా చూసిన ఆఫ్రికా నగరాలకు ఇది కొత్త ముప్పు. 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 26.3 కోట్ల మలేరియా కేసులు, 5.97 లక్షల మరణాలు నమోదైనట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో అత్యధికం ఆఫ్రికాలోనే.

ఈ దోమ జన్యుక్రమాన్ని 2014లో తొలిసారి చదివినప్పుడు అది ముక్కలు ముక్కలుగానే వచ్చింది. 2021లో లాంగ్ రీడ్స్‌తో క్రోమోజోమ్‌ల స్థాయిలో అతికించారు. అప్పటిదాకా దాక్కున్న 29 జన్యువులు బయటపడ్డాయి. అవన్నీ దోమల మందును తట్టుకునే శక్తితో ముడిపడిన కుటుంబాలవే. మగ దోమకు మాత్రమే ఉండే వై క్రోమోజోమ్‌లోనూ కొంత భాగం దొరికింది. కుట్టేది ఆడ దోమే కాబట్టి, పుట్టే పిల్లల్లో మగవే ఎక్కువ ఉండేలా చేయగలమా అన్న పరిశోధనలకు ఇదో ఆధారం. ఆ తర్వాత బెంగళూరు శాస్త్రవేత్తలు చెన్నైలో దొరికిన స్టెఫెన్సీ రకాన్ని కూడా ఇదే స్థాయిలో చదివారు.

అణా తీసుకున్న వాళ్ల వాటా

నోబెల్ మీద ఒక్క పేరే ఉంది. కానీ ఆ ఆగస్టు మధ్యాహ్నం బేగంపేటలో రాస్ ఒక్కరే లేరు. జ్వరంతో వణుకుతూ దోమతెరలో చెయ్యి చాచిన హుస్సేన్ ఖాన్ ఉన్నాడు. అంతకుముందు అబ్దుల్ ఖాదిర్ ఉన్నాడు. మచ్చల రెక్కల లార్వాలు తెచ్చిన సహాయకుడు ఉన్నాడు. కలకత్తాలో పిచ్చుకల పంజరాల దగ్గర మహమ్మద్ బక్ష్ ఉన్నాడు. ఆ అణాల ఖర్చు కూడా లెక్కలో వేసుకుంటేనే మలేరియా కథ పూర్తవుతుంది.

రాస్ మొదలుపెట్టిన పని మిషన్ల దగ్గర ఆగలేదు, ఆగదు కూడా. క్రిమి పుస్తకం చివరి అక్షరం దాకా చదివినా అది ఏటా కొత్త పేజీలు రాసుకుంటూనే ఉంది. అందుకే స్ట్రిప్ మీద గీత పడకపోయినా చలి జ్వరం మళ్లీ వస్తుంటే స్లైడ్ పరీక్ష అడగాలని డాక్టర్లు చెబుతారు. స్లైడ్ అంటే ఇంకేం లేదు.. గాజు పలక మీద రక్తపు చుక్క, పైన మైక్రోస్కోప్. 1897లో రాస్ చేసిందీ అదే. జన్యువు ముక్క పోయినా ఆ క్రిమి మాత్రం మైక్రోస్కోప్‌కు కనిపిస్తూనే ఉంటుంది.

ఇక దోమల మాటకొస్తే.. బెంగళూరు బంగ్లాలో రాస్ బోర్లించిన తొట్టి 140 ఏళ్ల నాటిది. పాతబస్తీ మేడల మీద మూత లేని ట్యాంకులకు ఈరోజుకీ అదే మందు.